అరచేతి యంత్రం ముందు తలవంచిన బల్లమీది సామ్రాజ్యం

2024 నవంబరు 8న న్యూయార్క్ స్టాక్ మార్కెట్‌లో పైకి చిన్నదిగా కనిపించే మార్పు ఒకటి చోటుచేసుకుంది. అమెరికాలోని 30 అగ్రశ్రేణి కంపెనీలతో కూర్చిన డౌ జోన్స్ సూచీ నుంచి ఇంటెల్ పేరును తొలగించి, ఆ స్థానంలో ఎన్విడియాను చేర్చారు. 1999 నవంబరు 1న మైక్రోసాఫ్ట్‌తో జంటగా ఆ సూచీలో అడుగుపెట్టిన ఇంటెల్, పాతికేళ్లకు బయటికి నడిచింది. ఆ ఏడాది మూడో త్రైమాసికంలో ఆ కంపెనీ చూపిన నష్టం 1,660 కోట్ల డాలర్లు. డిసెంబరు 1న ముఖ్య కార్యనిర్వహణాధికారి పాట్ గెల్సింగర్ పదవి నుంచి వైదొలిగారు. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వమే అందులో దాదాపు 10 శాతం వాటా తీసుకోవలసిన పరిస్థితి తలెత్తింది.

ప్రపంచంలోని పర్సనల్ కంప్యూటర్లలో అత్యధిక భాగానికి గుండెకాయ అందించిన సంస్థ ఇంతటి స్థితికి దిగజారడానికి కారణాలు అనేకం. కర్మాగారాల్లో సాంకేతిక జాప్యం ఒకటి. కృత్రిమ మేధకు పనికివచ్చే చిప్‌ల పోటీలో వెనుకబడటం మరొకటి. అయితే ఈ కారణాల వేళ్లు వెతుక్కుంటూ వెళితే అవి ఒకే చోటికి చేరతాయి. 2006, 2007 సంవత్సరాల్లో జేబులో పట్టే చిన్న యంత్రాన్ని బల్లమీది పెద్ద యంత్రం తక్కువగా అంచనా వేసింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడన్న సామెతకు కంప్యూటర్ పరిశ్రమలో ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు. ఆ కథను తెలుసుకోవడం కాలక్షేపానికి మాత్రమే కాదు. కోలారు, హోసూరు, శ్రీసిటీ ప్రాంతాల్లో వేలాది కుటుంబాలకు నేడు అన్నం పెడుతున్న ఉద్యోగాలకూ, సరిహద్దు పల్లెల్లో చదువుకుంటున్న పిల్లల భవిష్యత్తుకూ ఆ కథతో ప్రత్యక్ష సంబంధం ఉంది.

రెండు స్తంభాల సామ్రాజ్యం

1981 ఆగస్టు 12న ఐబీఎం సంస్థ తన తొలి పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. త్వరగా మార్కెట్‌లోకి రావాలన్న తొందరలో ప్రాసెసర్‌ను ఇంటెల్ నుంచి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను మైక్రోసాఫ్ట్ నుంచి తీసుకుంది. ఆ రెండింటినీ ఇతరులకు అమ్ముకునే స్వేచ్ఛ ఆ కంపెనీలకే మిగిలింది. కాంపాక్ వంటి సంస్థలు ఐబీఎం యంత్రానికి నకళ్లు తయారుచేయడంతో పెట్టె ఎవరిదైనా లోపలి ప్రాసెసర్, తెరమీది విండోస్ మాత్రం ఆ ఇద్దరివే అయ్యాయి. పెట్టెలు తయారుచేసేవారు కొద్దిపాటి లాభాల కోసం కొట్లాడుకుంటుంటే, సింహభాగం ఈ రెండు కంపెనీల ఖజానాకు చేరింది. చివరకు పీసీకి పురుడు పోసిన ఐబీఎం సైతం 2005లో ఆ వ్యాపారాన్ని చైనాకు చెందిన లెనోవోకు అప్పగించి తప్పుకుంది.

ఆ సామ్రాజ్యపు ఛాయలు దక్షిణాదిన కూడా దట్టంగా పరచుకున్నాయి. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్, బెంగళూరు ఎస్.పి. రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్ వంటి చోట్ల విడిభాగాలు కొని కంప్యూటర్ కూర్చి ఇచ్చే కుర్రాళ్ల వృత్తి ఒకటి పుట్టింది. పట్టణాల్లో నెట్ సెంటర్లు, డీటీపీ కేంద్రాలు, కంప్యూటర్ శిక్షణ సంస్థలు వెలిశాయి. కంప్యూటర్ నేర్చుకోవడమంటే ఉద్యోగం సంపాదించడమే అన్న నమ్మకం ఒక తరాన్ని నడిపించింది. ఇంటికి పీసీ రావడం మధ్యతరగతి కుటుంబానికి ఒక శుభకార్యంతో సమానమైన రోజులవి.

వదులుకున్న అవకాశం

ఇక్కడొక విచిత్రం గమనించాలి. పెద్ద కంపెనీలు చవక వస్తువులను చిన్నచూపు చూసి, క్రమంగా వాటి చేతిలోనే ఓడిపోతాయన్న సిద్ధాంతాన్ని హార్వర్డ్ ఆచార్యుడు క్లేటన్ క్రిస్టెన్సన్ 1997లో ప్రచురించిన గ్రంథంలో ప్రతిపాదించారు. దానిని అందరికంటే ముందు శ్రద్ధగా విన్నవారిలో ఇంటెల్ అధినేత ఆండీ గ్రోవ్ ఒకరు. ఆ పాఠం ఫలితంగానే 1998లో సెలరాన్ అనే చవక ప్రాసెసర్‌ను ఇంటెల్ విడుదల చేసి, కింది నుంచి వస్తున్న పోటీని అడ్డుకుంది. అంటే రోగమూ తెలుసు, మందూ తెలుసు. అయినా దశాబ్దం తిరగకముందే అదే రోగానికి ఇంటెల్ చిక్కింది.

బ్రిటన్‌లోని కేంబ్రిడ్జి నగరంలో ఎకార్న్ అనే చిన్న సంస్థ 1985లో ఒక ప్రాసెసర్‌ను రూపొందించింది. అదే ఆర్మ్. 1990లో ఎకార్న్, ఆపిల్, వీఎల్‌ఎస్‌ఐ టెక్నాలజీ కలిసి దానిని ప్రత్యేక కంపెనీగా ఏర్పరచాయి. ఆర్మ్ తానుగా చిప్‌లు తయారుచేయదు. నమూనాను లైసెన్సుపై ఇచ్చి, అమ్ముడైన ప్రతి చిప్‌కు స్వల్ప రుసుము తీసుకుంటుంది. దాని ప్రధాన గుణం తక్కువ విద్యుత్తుతో పనిచేయడం. గోడకున్న ప్లగ్గులో తీగ పెట్టి నడిపే యంత్రానికి ఆ గుణం అంతగా అవసరం లేదు. జేబులోని బ్యాటరీతో రోజంతా నడవాల్సిన యంత్రానికి మాత్రం అదే ప్రాణం.

ఇంటెల్ చేతిలో కూడా ఆర్మ్ తరహా చిప్‌లు తయారుచేసే విభాగం ఒకటి ఉండేది. ఎక్స్‌స్కేల్ పేరుతో అవి ఆనాటి చేతి పరికరాలు కొన్నింటిలో వాడుకలో ఉన్నాయి. 2006 జూన్‌లో ఆ విభాగాన్ని మార్వెల్ అనే సంస్థకు 60 కోట్ల డాలర్లకు అమ్ముతున్నట్లు ఇంటెల్ ప్రకటించింది. 2007 జనవరి 9న స్టీవ్ జాబ్స్ ఐఫోన్‌ను లోకానికి చూపారు. మధ్యన ఉన్న వ్యవధి ఏడు నెలలకు మించదు.

ఐఫోన్‌కు చిప్ సరఫరా చేసే అవకాశం తమకు వచ్చిందని, ఆపిల్ ఇవ్వజూపిన ధర తమ అంచనా ఖర్చు కంటే తక్కువగా ఉండటంతో వదులుకున్నామని అప్పటి అధినేత పాల్ ఒటెల్లిని 2013లో పదవీ విరమణ సమయంలో వెల్లడించారు. ఖర్చు అంచనా తప్పిందని, అమ్ముడయ్యే సంఖ్య అనుకున్నదానికి ఎన్నో రెట్లు మించిందని, తన మనసు ఒప్పుకోమన్నా లెక్కలు వద్దన్నాయని ఆయన అంగీకరించారు.

ఆ నిర్ణయాన్ని కేవలం అవివేకంగా కొట్టిపారేయడం సులభం. కానీ అది ఆనాటి లెక్కల ప్రకారం వివేకమే. ఒక్కో ప్రాసెసర్‌పై భారీ లాభం గడిస్తున్న కంపెనీకి, కొద్ది డాలర్లు మిగిలే ఫోను చిప్‌లు నష్టదాయకంగా కనిపించడం సహజం. పట్టుచీరల వ్యాపారి కొట్లో గళ్ల లుంగీలు పెట్టమంటే ససేమిరా అంటాడు. ఊళ్లో అందరూ లుంగీలే కొంటున్నారని గ్రహించేసరికి వీధి చివర మరొకరు పెద్ద దుకాణం తెరిచి ఉంటారు.

తడబడిన అడుగులు

2007 జూన్ 29న ఐఫోన్ విక్రయాలు మొదలయ్యాయి. మైక్రోసాఫ్ట్ అధినేత స్టీవ్ బామర్ ఆ ధరను, కీబోర్డు లేకపోవడాన్ని ప్రస్తావించి నవ్వేశారు. 2008లో ఆపిల్ యాప్ స్టోర్ తెరుచుకుంది. అదే ఏడాది గూగుల్ ఆండ్రాయిడ్‌తో పనిచేసే తొలి ఫోను వచ్చింది. ఆండ్రాయిడ్‌ను తయారీదారులకు ఉచితంగా ఇవ్వడం ద్వారా గూగుల్, మైక్రోసాఫ్ట్ వ్యాపార మూలాన్నే కదిలించింది. ఒక్కో యంత్రానికి లైసెన్సు రుసుము వసూలు చేసే సంస్థ, ఉచితంగా ఇచ్చి ప్రకటనలపై సంపాదించే సంస్థతో ధరలో పోటీ పడటం అసాధ్యం.

పీసీ తయారీదారులు తొలుత నెట్‌బుక్ అనే చిన్న ల్యాప్‌టాప్‌లతో ప్రత్యామ్నాయం వెతికారు. 2007లో ఆసుస్ ప్రవేశపెట్టిన ఈఈఈ పీసీ ఆ ధోరణికి నాంది. 2008లో ఇంటెల్ వీటికోసం ఆటమ్ ప్రాసెసర్ తెచ్చింది. చవకగా ఉన్నా నత్తనడక నడిచే ఆ యంత్రాలు రెండు మూడేళ్లకే ఆదరణ కోల్పోయాయి. 2010 ఏప్రిల్‌లో ఐప్యాడ్ అమ్మకాలు మొదలు కావడంతో వాటి కథ ముగిసింది. పీసీలు ఇకపై లారీల వంటివని, అవసరమైనవారికి ఉంటాయే తప్ప అందరికీ అక్కరలేదని జాబ్స్ ఆ ఏడాది జూన్‌లో వ్యాఖ్యానించారు. 2010 చివరి త్రైమాసికంలో స్మార్ట్‌ఫోన్ల సంఖ్య తొలిసారిగా పీసీలను మించింది.

ఆపై జరిగినవన్నీ కంగారు పడిన మహారథుల తడబాట్లే. ఫోన్ల రంగంలో నిలదొక్కుకోవాలని హెచ్‌పీ 2010లో పామ్ సంస్థను 120 కోట్ల డాలర్లకు కొన్నది. మరుసటి ఏడాది ఆగస్టులో, విడుదలై ఏడు వారాలు నిండిన తన టాబ్లెట్‌ను విరమించుకుంది. అదేరోజు పీసీ వ్యాపారాన్నే విడదీసే యోచనను ప్రకటించి, తర్వాత వెనక్కి తగ్గింది. 2013లో డెల్ సంస్థను దాని స్థాపకుడు మైకేల్ డెల్ దాదాపు 2,490 కోట్ల డాలర్ల ఒప్పందంతో స్టాక్ మార్కెట్ నుంచి ఉపసంహరించి సొంతం చేసుకున్నారు. 2014లో సోనీ తన వాయో ల్యాప్‌టాప్ విభాగాన్ని అమ్మివేసింది. భారతదేశంలో విప్రో సంస్థ 2013లో సొంత పేరుతో పీసీల తయారీని ఆపివేయాలని నిర్ణయించింది.

మైక్రోసాఫ్ట్ 2012 అక్టోబరులో విండోస్ 8ను తెచ్చింది. ఫోను తెరను, పీసీ తెరను ఒకే ముసుగులో ఇమిడ్చే ప్రయత్నమది. ఏళ్ల తరబడి అలవాటైన స్టార్ట్ మీట కనిపించక పాత వినియోగదారులు తికమకపడ్డారు. కొత్తవారు ఆకర్షితులు కాలేదు. దానితోపాటు వచ్చిన సర్‌ఫేస్ ఆర్‌టీ టాబ్లెట్లు అమ్ముడుపోక 2013లో 90 కోట్ల డాలర్లు రద్దు పద్దు కింద రాసుకోవలసి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో నోకియా ఫోన్ల విభాగం కొనుగోలును ప్రకటించింది. 2015 జూలైలో ఆ కొనుగోలుకు సంబంధించి 760 కోట్ల డాలర్లను నష్టంగా చూపి, 7,800 మంది ఉద్యోగులను తొలగించింది.

ఆ దిద్దుబాటు భారం మోసినవారు 2014 ఫిబ్రవరి 4న పగ్గాలు చేపట్టిన సత్య నాదెళ్ల. హైదరాబాద్‌లో పాఠశాల విద్య, కర్ణాటకలోని మణిపాల్‌లో ఇంజనీరింగ్ పూర్తిచేసిన ఆయన, విండోస్‌ను కేంద్రంగా పెట్టుకునే పాత విధానానికి స్వస్తి పలికారు. పదవి చేపట్టిన రెండు నెలల్లోపే ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌ను ప్రత్యర్థి ఆపిల్ ఐప్యాడ్‌పై విడుదల చేశారు. ఏ యంత్రంపైనైనా తమ సేవ నడవాలి, దాని వెనుకనున్న క్లౌడ్ సర్వర్లు తమవి కావాలి అన్నదే ఆ వ్యూహ సారాంశం. మైక్రోసాఫ్ట్ ఫోన్ల యుద్ధంలో ఓడినా సంస్థగా బతికి బట్టకట్టడానికి కారణం అదే. అయినా ఫోన్ల రంగం నుంచి నిష్క్రమించిన తీరు మరింత మెరుగ్గా ఉండాల్సిందని నాదెళ్ల స్వయంగా 2023లో ఒప్పుకున్నారు.

దెబ్బ తగిలిన చోటు వేరు

ఫోను వచ్చి పీసీని చంపేసిందన్న మాట తరచుగా వినిపిస్తుంది. అది పూర్తి నిజం కాదు. 2011లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 36 కోట్ల పీసీలు సరఫరా అయ్యాయి. 2013లో ఒక్క ఏడాదిలోనే సరఫరా దాదాపు 10 శాతం పడిపోయింది. 2019 నాటికి అది 26 కోట్ల చేరువలో నిలకడగా ఉంది. కరోనా కాలంలో ఇంటినుంచి పని, ఇంటినుంచి చదువు అనివార్యం కావడంతో 2021లో మళ్లీ 34 కోట్ల స్థాయికి ఎగబాకింది. 2022లో సుమారు 16 శాతం కుంగింది. 2024లో సుమారు 25 కోట్ల దగ్గర ఉంది. ఏటా 25 కోట్ల యంత్రాలు అమ్ముడయ్యే పరిశ్రమను మృతప్రాయమని అనడం సమంజసం కాదు.

అసలు జరిగింది వేరు. ఫోను పీసీని ఇంట్లోంచి వెళ్లగొట్టలేదు. కొత్త పీసీ కొనాల్సిన అవసరాన్ని వాయిదా వేసింది. ఉత్తరాలు, వార్తలు, ఫొటోలు, సినిమాలు, బ్యాంకు పనులు చేతిలోకి మారిపోయాక, మూలనున్న పీసీ నెమ్మదించినా ఎవరికీ కోపం రాలేదు. మూడు నాలుగేళ్లకు ఒకసారి మార్చే యంత్రాన్ని ఆరేడేళ్లు నెట్టుకొచ్చారు. ఖర్చు చేసే సొమ్ము ఉన్నా అది ఫోనుకే పోయింది. అమ్మకాలు పడిపోవడానికి ఇదే మూలకారణం.

రెండో దెబ్బ ఇంకా లోతైనది. చిప్‌ల తయారీలో సంఖ్యే బలం. కొత్త తరం కర్మాగారం కట్టడానికి వేల కోట్ల డాలర్లు కావాలి. ఆ ఖర్చును ఎన్ని ఎక్కువ చిప్‌లపై పంచగలిగితే అంత లాభం. ఎన్ని ఎక్కువ తయారుచేస్తే లోపాలు దిద్దుకునే అనుభవం కూడా అంత పెరుగుతుంది. పీసీల కాలంలో ఆ బలం ఇంటెల్‌ది. ఏటా వంద కోట్లకు పైగా స్మార్ట్‌ఫోన్లు అమ్ముడయ్యే కాలం వచ్చేసరికి ఆ బలం తైవాన్‌కు చెందిన టీఎస్‌ఎంసీ చేతికి మారింది. 1987లో మోరిస్ చాంగ్ స్థాపించిన ఆ సంస్థ సొంత చిప్‌లు అమ్మదు. ఇతరుల నమూనాలను తయారుచేసి ఇస్తుంది. ఆపిల్, క్వాల్‌కామ్, మీడియాటెక్ వంటి సంస్థల ఫోను చిప్‌లతో వచ్చిన రాబడి దాని కర్మాగారాలను ఇంటెల్ కంటే ముందుకు నడిపించింది.

ఇంటెల్ ఆలస్యంగా మేల్కొని 2013, 2014లలో టాబ్లెట్ తయారీదారులకు రాయితీలు ఎదురిచ్చి మరీ తన చిప్‌లు అంటగట్టింది. 2014లో ఆ విభాగం నష్టం 420 కోట్ల డాలర్లు. 2016 ఏప్రిల్‌లో ఫోను చిప్‌ల పథకాన్ని విరమించి, 12,000 ఉద్యోగాల కోతను ప్రకటించింది. 2019లో ఫోను మోడెమ్ వ్యాపారాన్ని ఆపిల్‌కు 100 కోట్ల డాలర్లకు విక్రయించేందుకు ఒప్పుకుంది.

చివరి ఘట్టం 2020 నవంబరు 10న జరిగింది. ఆపిల్ తన మ్యాక్ కంప్యూటర్ల నుంచి ఇంటెల్ ప్రాసెసర్లను తొలగించి, ఎం1 పేరిట సొంత చిప్‌ను ప్రవేశపెట్టింది. అది ఆర్మ్ కుటుంబానికి చెందినది, ఐఫోన్ చిప్‌ల వారసత్వంలో పుట్టినది, టీఎస్‌ఎంసీలో తయారైనది. ఫోను కోసం నేర్చిన విద్యతో పీసీ కోటను లోపలి నుంచి జయించడమంటే ఇదే. 2024లో క్వాల్‌కామ్ సైతం విండోస్ ల్యాప్‌టాప్‌ల కోసం అదే బాటలో చిప్‌లను విడుదల చేసింది. ఒకనాడు లాభం చాలదని వదిలేసిన చిన్న పని, చివరకు పెద్ద పనిని సైతం లాక్కుపోయింది.

సరిహద్దు గడపలో

ఈ ప్రపంచ పరిణామాల వేడి తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న సరిహద్దు జిల్లాలను నేరుగా తాకింది. చెన్నై సమీపంలోని శ్రీపెరుంబుదూరులో నోకియా 2006లో ఫోన్ల తయారీ ప్రారంభించింది. ఉచ్ఛదశలో వేలాది యువతీయువకులు అక్కడ పనిచేశారు. మైక్రోసాఫ్ట్ నోకియా ఫోన్లను కొన్నప్పుడు, పన్ను వివాదం కారణంగా ఆ కర్మాగారం ఒప్పందానికి వెలుపల మిగిలిపోయింది. 2014 నవంబరు 1న అక్కడ ఉత్పత్తి నిలిచిపోయింది. అమెరికాలో, ఫిన్లాండ్‌లో కుదిరిన ఒక బేరానికి మూల్యం చెల్లించినవారిలో తమిళనాడు పల్లెల ఆడపిల్లలున్నారు.

కాగా, స్మార్ట్‌ఫోన్ల కెరటం మరోవైపు కొత్త కొలువులు తెచ్చింది. ఆంధ్ర, తమిళనాడు సరిహద్దులోని శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కేంద్రం నుంచి 2015లో షియోమీ ఫోన్లు వెలువడ్డాయి. తెలుగు ఇంటింటా వినిపించే కోలారు జిల్లాలోని నరసాపురలో ఐఫోన్ల తయారీ 2020లో మొదలైంది. ఆ ఏడాది డిసెంబరులో వేతనాల విషయమై కార్మికుల ఆగ్రహం పెల్లుబికి కర్మాగారంలో విధ్వంసం జరిగింది. 2023లో అది టాటా సంస్థ అధీనంలోకి వచ్చింది. తెలుగు, తమిళం, కన్నడం కలగలిసి వినిపించే హోసూరు ప్రాంతంలో టాటా ఎలక్ట్రానిక్స్ ఐఫోన్ భాగాలను తయారుచేస్తోంది. హాస్టళ్లలో ఉంటూ షిఫ్టులకు వెళ్లే యువతులు ఈ పరిశ్రమకు వెన్నెముక.

ప్రభుత్వ విధానంలోనూ ఈ తేడా స్పష్టం. మొబైల్ ఫోన్ల తయారీకి 2020లో ప్రకటించిన ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక పథకం ఫలితాలనిచ్చింది. ల్యాప్‌టాప్‌లు, టాబ్లెట్లు వంటి ఐటీ పరికరాలకు 2021లో ఇచ్చిన 7,350 కోట్ల రూపాయల పథకానికి స్పందన అంతంతమాత్రమే కావడంతో, 2023 మేలో 17,000 కోట్లతో రెండో పథకం తెచ్చారు. అదే ఏడాది ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేస్తూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చి, విమర్శల నేపథ్యంలో దానిని సడలించింది. ఫోన్లను ఎగుమతి చేసే దేశం ల్యాప్‌టాప్‌లకు నేటికీ విదేశాలపై ఆధారపడుతోంది. ఏడాదికి కోట్లలో అమ్ముడయ్యే సొంత మార్కెట్ ఫోన్లకు ఉంది, ల్యాప్‌టాప్‌లకు లేదు. కర్మాగారాలు ఎక్కడికి వస్తాయో నిర్ణయించేది చాలావరకు ఈ తేడాయే.

చూసే తెర, రాసే తెర

ఇంతకంటే లోతైన ప్రశ్న మరొకటి ఉంది. పాశ్చాత్య దేశాల్లో పీసీ ముందు వచ్చింది, ఫోను తర్వాత వచ్చింది. భారతదేశంలో అత్యధికుల విషయంలో పీసీ అసలు రాలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం కంప్యూటర్ ఉన్న కుటుంబాలు పదింట ఒకటి కూడా లేవు. టెలిఫోను సౌకర్యం మాత్రం 63 శాతం కుటుంబాలకు ఉంది. 2017-18 జాతీయ నమూనా సర్వేలో గ్రామాల్లో 4.4 శాతం, పట్టణాల్లో 23.4 శాతం ఇళ్లలోనే కంప్యూటర్ కనిపించింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకై, దేశం నేరుగా ఫోనులోకి దూకింది.

ఈ దూకుడు తెచ్చిన మేలును కాదనలేం. రాష్ట్రం వెలుపలి తెలుగువారికి అది మరీ ఎక్కువ. 2000 దశకంలో పీసీలో తెలుగు చదవాలంటే ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు దించుకోవలసి వచ్చేది. లేకుంటే అక్షరాల బదులు పిచ్చి గీతలు ప్రత్యక్షమయ్యేవి. నేడు బళ్లారిలో, పర్లాకిమిడిలో, సిరోంచలో ఉన్నవారు ఫోనులో తెలుగు కీబోర్డు ఎంచుకొని నిమిషంలో రాయగలరు. బడిలో తెలుగు చదివే అవకాశం లేని పిల్లవాడు అమ్మమ్మ పంపిన తెలుగు సందేశాన్ని కూడబలుక్కుంటున్నాడంటే అది చేతిఫోను పుణ్యమే. అయినా భారతీయ లిపుల పట్ల ఆ పరిశ్రమ శ్రద్ధ ఎంతటిదో 2018 ఫిబ్రవరిలో బయటపడింది. తెలుగు ‘జ్ఞా’ అక్షరంతో కూడిన సందేశం అందితే చాలు, ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ హుటాహుటిన సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. జ్ఞానంలోని తొలి అక్షరానికే ఆ యంత్రం తట్టుకోలేకపోవడాన్ని ఆనాడు చాలామంది హాస్యంగా చెప్పుకొన్నారు.

అయితే ఫోను ప్రధానంగా చూసే తెర. పీసీ ప్రధానంగా పని చేసే తెర. పద్దు రాయడం, లెక్కల పట్టిక వేయడం, ప్రోగ్రాం రాయడం, పుస్తకం కూర్చడం, ఇంటి నక్షా గీయడం నేటికీ కీబోర్డు ముందే జరుగుతున్నాయి. యాప్‌లు ఫోనులో నడుస్తాయి గానీ వాటిని తయారుచేసేవారు పీసీల ముందే కూర్చుంటారు. ఫోను మాత్రమే తెలిసిన తరం వాడుకరుల తరంగా మిగిలి, తయారుచేసేవారి తరం మరెక్కడో ఉండిపోయే ప్రమాదం పొంచి ఉంది.

ఇది ఊహాజనిత భయం కాదు. 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ యువతపై 28 జిల్లాల్లో జరిపిన 2023 అసర్ సర్వేలో దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నట్లు తేలింది. కంప్యూటర్ ఉన్న ఇళ్లు 9 శాతం మాత్రమే. ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లల్లో 85 శాతానికి దానిని వాడటం వచ్చు. లేనివారిలో అది మూడో వంతుకు కాస్త మించి ఉంది. అంటే ఫోను రావడంతో కంప్యూటర్ విద్య దానంతట అదే రాదు.

దీని పర్యవసానం పరీక్షా కేంద్రాల్లో కళ్లకు కడుతుంది. ఆంధ్రప్రదేశ్ ఎంసెట్ 2017లో, తెలంగాణ ఎంసెట్ 2018లో ఆన్‌లైన్ పద్ధతికి మారాయి. ఇంజనీరింగ్ ప్రవేశానికి జాతీయ స్థాయిలో జరిగే జేఈఈ మెయిన్ 2019 నుంచి కంప్యూటర్ ఆధారితమైంది. నగరంలోని విద్యార్థికి మౌసు చేతిలో భాగం వంటిది. పల్లె విద్యార్థి జీవితాన్ని నిర్ణయించే మూడు గంటల్లో కొన్ని నిమిషాలు ఆ పరికరానికి అలవాటు పడటానికే ఖర్చవుతాయి. విషయ పరిజ్ఞానంలో తేడా లేకపోయినా ర్యాంకులో తేడా రావడానికి ఆ నిమిషాలు చాలు.

సరిహద్దు రాష్ట్రాలు ఈ సమస్యకు వేర్వేరు సమాధానాలు వెతికాయి. తమిళనాడు 2011 సెప్టెంబరు నుంచి విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది. కొన్నేళ్ల విరామం తర్వాత 2025 బడ్జెట్‌లో కళాశాల విద్యార్థుల కోసం మళ్లీ అటువంటి పథకాన్ని ప్రకటించింది. కేంద్రం 2011 అక్టోబరులో ఆకాశ్ పేరిట చవక టాబ్లెట్‌ను ఆర్భాటంగా ఆవిష్కరించింది. నాణ్యత లేమి, సరఫరా జాప్యాలతో అది మరుగున పడింది. ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు అందజేసింది. గీతకు ఒకవైపున్న తెలుగు విద్యార్థి చేతికి ట్యాబ్, మరోవైపున్న తెలుగు విద్యార్థి చేతికి ల్యాప్‌టాప్ వచ్చాయన్నమాట. ట్యాబ్‌లో పాఠం బాగా చూడవచ్చు. ల్యాప్‌టాప్‌లో పాఠం చూడటంతోపాటు ఏదో ఒకటి తయారుచేయవచ్చు. వయసును బట్టి రెండింటికీ చోటుంది. కానీ పదో తరగతి దాటిన పిల్లల విషయంలో ఒకటి మరొకదానికి ప్రత్యామ్నాయం కాదన్న స్పృహ పాలకులకు ఉండాలి.

ప్రతి ఇంటికీ ల్యాప్‌టాప్ ఇవ్వడం ఏ ఖజానాకైనా భారమే. అయితే ప్రతి ఉన్నత పాఠశాలలో పనిచేసే కంప్యూటర్ గది ఉండటం భారం కాదు, బాధ్యత. చాలా బడుల్లో కంప్యూటర్లు లేకపోలేదు. తాళం వేసిన గదిలో, దుమ్ము కప్పుకొని, బోధకుడి కోసం ఎదురుచూస్తున్నాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. ఆ కారణంగా కార్యాలయాల నుంచి బయటికి వచ్చే పాత యంత్రాలు అనేకం ఉచిత లినక్స్‌తో మరికొన్నేళ్లు చక్కగా నడుస్తాయి. వాటిని బడులకు చేర్చి, బోధకుడిని నియమించి, సాయంత్రం పూట గది తలుపులు తెరిచి ఉంచితే అతి తక్కువ ఖర్చుతో పెద్ద లోటు పూడుతుంది. ల్యాప్‌టాప్ పథకాల కోట్ల లెక్కలు ప్రకటించే నాయకులు ఈ తాళంచెవి సంగతి కూడా ఆలోచించడం అవసరం.

ఇంటెల్ కథలో ఒక పాఠముంది. ఇవాళ చిన్నదిగా, లాభసాటి కానిదిగా కనిపించే దానిని విస్మరిస్తే రేపు దాని వాకిట నిలబడాల్సి వస్తుంది. ఆ పాఠం కంపెనీలకే కాదు, సమాజాలకూ వర్తిస్తుంది. ఒకనాడు పీసీ సామ్రాజ్యం చేతిఫోనును చిన్నచూపు చూసి దెబ్బతిన్నది. ఫోను అందరి చేతికీ వచ్చిందన్న తృప్తితో కీబోర్డును చిన్నచూపు చూస్తే సరిహద్దు పల్లెల పిల్లలు దెబ్బతింటారు. నరసాపురలోనో హోసూరులోనో ఫోను భాగాలు బిగించే కొలువు గౌరవప్రదమైనదే. దానితోపాటు ఆ ఫోనును రూపొందించే బల్ల దగ్గర కూర్చునే అర్హతను కూడా ఆ ప్రాంతపు బిడ్డలకు కల్పించినప్పుడే ఈ మార్పు వారిపట్ల న్యాయంగా వ్యవహరించినట్లవుతుంది.